లేజర్ దారిలో గాలి ఎక్కడుంది?

2023 డిసెంబరు 11న నాసా వారి సైకీ వ్యోమనౌక 3.1 కోట్ల కిలోమీటర్ల అవతల నుంచి లేజర్ మీద ఒక పిల్లి వీడియో పంపింది. కాంతి కాలిఫోర్నియాలోని పాలొమార్ టెలిస్కోప్‌ను చేరడానికి 101 సెకన్లు పట్టింది. సమాచారం వచ్చిన వేగం సెకనుకు 267 మెగాబిట్లు, మన ఇళ్లలోని చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ల కంటే ఎక్కువ. అదే అమెరికాలో గురుత్వ తరంగాలను పసిగట్టే లైగో కేంద్రాల్లో లేజర్ నడవాల్సిన దారి నాలుగు కిలోమీటర్లే. ఆ కాస్త దూరానికి 1.2 మీటర్ల వెడల్పు ఉక్కు గొట్టాలు వేసి, వాటిలోని గాలిని వాతావరణ పీడనంలో లక్ష కోట్లో వంతు మిగిలేదాకా తోడేశారు. లైగో కొలిచేది ప్రోటాన్ కంటే చిన్న కదలిక కనుక అంత కట్టుదిట్టం తప్పదు, నిజమే. కానీ అంత నాజూకు పని కాకపోయినా, మామూలు సమాచారాన్నే వేసవి మధ్యాహ్నం నేలను ఆనుకుని నాలుగు కిలోమీటర్లు నిలకడగా పంపడం ఇంజనీర్లకు తలనొప్పే. కోట్ల కిలోమీటర్లు దాటొచ్చిన కాంతి నాలుగు కిలోమీటర్ల దగ్గర ఎందుకు తడబడుతుంది? దూరం పెరిగేకొద్దీ చెరుపు పెరుగుతుందన్న మన సహజమైన లెక్క ఇక్కడ పూర్తిగా కుదరదు. గాలి లేజర్‌ను ఎంత పాడుచేస్తుందన్నది మొత్తం దూరం కంటే ఎక్కువగా, ఆ దారిలో అలజడి గాలి ఎక్కడ తగిలిందన్నదాని మీద ఆధారపడుతుంది. బయల్దేరిన చోట తగిలితే ఒక తీరు, చేరే చోట తగిలితే మరో తీరు, దారి పొడుగునా తగిలితే ఇంకో తీరు.

అసలు గాలి కాంతిని వంచుతుందంటేనే నమ్మబుద్ధి కాదు. వంచే మోతాదు అంత చిన్నది. శూన్యం వక్రీభవన గుణకం 1 అయితే నేల దగ్గరి గాలిది దాదాపు 1.0003. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే ఆ గుణకం పది లక్షల్లో ఒక వంతు తగ్గుతుంది. ఇంత చిన్న అంకెతో ఏమవుతుందనిపిస్తుంది కానీ, కాంతికి కొలబద్ద దాని తరంగదైర్ఘ్యం. పది సెంటీమీటర్ల మేర ఉన్న ఒక గాలి ముద్ద చుట్టుపక్కల కంటే ఒక డిగ్రీ వేడిగా ఉందనుకుందాం. దానిలోంచి వెళ్లిన కాంతి, పక్కనుంచి వెళ్లిన కాంతి కంటే మిల్లీమీటరులో పదివేలవ వంతు ముందుంటుంది. ఆకుపచ్చ లేజర్ తరంగదైర్ఘ్యమే అలాంటి పదివేలవ వంతులు ఐదు. అంటే ఒక్క ముద్ద వల్లే అయిదో వంతు అల తేడా వచ్చేసింది. కిలోమీటరు దారిలో ఇలాంటి ముద్దలు వేల సంఖ్యలో ఉంటాయి. కొన్నింటి తేడాలు ఒకదానికొకటి చెల్లుకుపోతాయి, కొన్ని కూడుకుంటాయి. చివరికి, చదునుగా బయల్దేరిన తరంగాగ్రం నలిగిన దుప్పటిలా తయారవుతుంది. అలలు కలిసిన చోట వెలుగు పెరుగుతుంది, ఎదురైన చోట చీకటి పడుతుంది. కాంతిలో ఒక్క కణం తగ్గకుండానే పుంజం చెదిరిపోతుంది.

ఈ గాలి ముద్దలు ఎక్కడినుంచి వస్తాయో చెప్పే సిద్ధాంతం లేజర్ కంటే పాతది. పెద్ద సుడులు విరిగి చిన్న సుడులవుతాయని, అవి ఇంకా చిన్నవిగా విరుగుతూ చివరికి గాలి జిగటలో వేడిగా కరిగిపోతాయని 1922లో లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ ఊహించాడు. 1941లో ఆంద్రేయ్ కల్మగోరవ్ దానికి గణితం సమకూర్చాడు. నేలకు దగ్గరలో ఈ సుడులు కొన్ని మీటర్ల మేర మొదలై కొన్ని మిల్లీమీటర్ల దాకా దిగుతాయి. వేడి గాలీ చల్ల గాలీ వాటిలో పడి, మజ్జిగ కవ్వంతో చిలికినట్టు, ఒకదానిలో ఒకటి చొచ్చుకుపోతాయి. సుడి తిరగడం ఒక్కటే కాంతిని వంచదు. ఒకే ఉష్ణోగ్రతలో ఉన్న గాలి ఎంత తిరిగినా కాంతికి పెద్దగా పట్టదు. చిలకడానికి వేడిలో తేడా ఉండాలి. ఈ మాట గుర్తుంచుకోవాలి, ఎందుకంటే అలజడి ఎక్కడ ఎక్కువో దీన్నిబట్టే తేలుతుంది. ఎండకు కాగిన నేల పక్కన ఆ తేడా చాలా ఎక్కువ. పైకి వెళ్లేకొద్దీ అది వేగంగా పడిపోతుంది. పగటిపూట మీటరు ఎత్తులో ఉన్న అలజడి బలం, పది మీటర్ల ఎత్తుకు వెళ్లేసరికి ఇరవయ్యో వంతుకు తగ్గుతుందని ఈ రంగంలో వాడుకలో ఉన్న సూత్రం చెబుతుంది. నేలకూ గాలికీ ఉష్ణోగ్రత సమానమయ్యే వేళలు రోజుకు రెండున్నాయి, ఒకటి సూర్యోదయం తర్వాత, ఒకటి సూర్యాస్తమయానికి ముందు. ఆ కాసేపు గాలి కాంతికి దాదాపు దారి వదులుతుంది.

గాలి లేజర్‌కు మూడు రకాల చెరుపు చేస్తుంది. పుంజం కంటే పెద్ద సుడులు దాన్ని మొత్తంగా పక్కకు నెడతాయి, దాంతో అది లక్ష్యం చుట్టూ తచ్చాడుతుంది. పుంజం కంటే చిన్న సుడులు దాన్ని లోపలినుంచి చీల్చి వెడల్పు చేస్తాయి. చీలిన పాయలు ముందుకు వెళ్లి ఒకదానిమీద ఒకటి పడి మిణుకు పుట్టిస్తాయి. నక్షత్రం మిణుకుమనడానికీ కారణం ఇదే. ఈ మూడూ ఒక్కచోట కనిపించిన ప్రయోగం కానరీ దీవుల్లో జరిగింది. లా పాల్మా దీవి నుంచి టెనెరీఫ్ దీవికి, సముద్రం మీదుగా, సుమారు 2,400 మీటర్ల ఎత్తున, 144 కిలోమీటర్ల దూరం శాస్త్రవేత్తలు ఫోటాన్లను పంపారు. ఫలితాలు 2007లో వెలువడ్డాయి. పంపిన కటకం వెడల్పు 15 సెంటీమీటర్లు. గాలే లేకపోతే, వివర్తనం వల్ల, అంటే కాంతికి సహజంగానే ఉన్న విచ్చుకునే గుణం వల్ల మాత్రమే విచ్చుకుని, పుంజం అవతలి ఒడ్డున మీటరున్నర వెడల్పు ఉండాలి. అక్కడ కనిపించింది వాతావరణాన్ని బట్టి 3.6 మీటర్ల నుంచి 20 మీటర్ల దాకా. అవతల కాంతిని పట్టే టెలిస్కోప్ వెడల్పు ఒక మీటరే. అది చాలదన్నట్టు పుంజం ఉన్నచోట ఉండలేదు. గురి తప్పకుండా దాన్ని నిరంతరం సర్దుతూ ఉండాల్సి వచ్చింది. ఆకాశంలో మబ్బు లేదు, పొగమంచు లేదు. ఉన్నదల్లా స్వచ్ఛమైన గాలి.

ఇక చోటు సంగతి. బొమ్మలు దించుకునే పల్చటి ట్రేసింగ్ కాగితాన్ని పుస్తకం పేజీకి ఆనించి పెడితే అక్షరాలు చక్కగా చదవొచ్చు. అదే కాగితాన్ని పైకెత్తి కంటి దగ్గర పెట్టుకుంటే పేజీ అంతా పాలు పోసినట్టు మసకే. కాగితం అదే, కన్నూ పేజీ మధ్య దూరం అదే. మారింది కాగితం ఉన్న చోటు. పేజీకి ఆనినప్పుడు కాంతి దారి కాస్త తప్పినా పక్కకు జరిగేది వెంట్రుకవాసే. కంటి దగ్గర పెట్టినప్పుడు అదే కోణం, పేజీ దాకా సాగిన చూపులో అక్షరాలను దాటి పోయేంత పక్కదారి అవుతుంది. లేజర్‌కూ ఇదే లెక్క వర్తిస్తుంది. బయల్దేరిన చోటే గాలి దాన్ని రవ్వంత తిప్పిందా, ఆ తప్పు మిగిలిన దారి పొడవుతో గుణించుకుంటూ పోతుంది. చేరే చోట తిప్పితే గుణించడానికి దారే మిగలదు. మిణుకుది మాత్రం వేరే తీరు. తరంగాగ్రంలో పడ్డ ముడత వెలుగునీడలుగా మారాలంటే ఆ తర్వాత కొంత దూరం నడవాలి. అందుకే నక్షత్రాన్ని మిణుకుమనిపించేది ప్రధానంగా మన తల మీదుగా పది కిలోమీటర్ల ఎత్తున సాగే గాలి పొరలు. టెలిస్కోప్ ముంగిటి గాలి దాని రూపాన్ని చెదరగొడుతుందే గానీ మిణుకుకు పెద్దగా కారణం కాదు. ఒక్కో చెరుపుకూ ఒక్కో చోటుంది.

ఇది నిజమో కాదో చూడాలంటే, ఒకే గాలిని కింది నుంచీ పై నుంచీ దాటిన కాంతిని పోల్చాలి. వాతావరణం మొత్తాన్ని నేలమట్టపు సాంద్రతకు కుదిస్తే దాని మందం ఎనిమిది కిలోమీటర్లే. చంద్రుడి దాకా ఉన్న 3.84 లక్షల కిలోమీటర్ల దారిలో గాలి వాటా అంతే. న్యూ మెక్సికోలోని అపాచీ పాయింట్‌లో 3.5 మీటర్ల టెలిస్కోప్ నుంచి ఆకుపచ్చ లేజర్‌ను చంద్రుడి మీద అపోలో యాత్రికులు వదిలి వచ్చిన అద్దాలకు గురిపెడతారు. గాలి లేకపోతే ఆ పుంజం చంద్రుడి మీద అరవై మీటర్ల చుక్కగా పడాలి. ఈ ఎనిమిది కిలోమీటర్ల గాలి మొదట్లోనే తగలడం వల్ల అది సుమారు రెండు కిలోమీటర్లకు విచ్చుకుంటుంది, వెలుగు వెయ్యి రెట్లు పలచనవుతుంది. ఇప్పుడు పై నుంచి చూద్దాం. ఇస్రో 2019లో పంపిన కార్టోశాట్-3 సుమారు 500 కిలోమీటర్ల ఎత్తు నుంచి నేల మీది పాతిక సెంటీమీటర్ల వివరాన్ని పట్టగలదు. అదే ఉపగ్రహాన్ని నేల మీది టెలిస్కోప్‌తో, ఏ దిద్దుబాటూ లేకుండా చూస్తే, మంచి రాత్రిలో కూడా రెండు మీటర్లకు పైగా మసక తప్పదు. దారి ఒకటే, గాలి ఒకటే. ఉపగ్రహానికి ఆ గాలి పేజీకి ఆనిన కాగితం, మనకు అది కంటికి ఆనిన కాగితం. పిల్లి వీడియో రహస్యం కూడా ఇక్కడే ఉంది. వ్యోమనౌకలోని 22 సెంటీమీటర్ల టెలిస్కోప్ నుంచి బయల్దేరిన పుంజం భూమిని చేరేసరికి వివర్తనం వల్లే వందల కిలోమీటర్లకు పరుచుకుంది. చివరి మెట్టు మీద గాలి దాన్ని ఇంకాస్త కదిపినా తేడా పడేదేముంది?

భౌతికశాస్త్రం చదివినవారు ఇక్కడ ఒక అభ్యంతరం లేవనెత్తవచ్చు. కాంతి ఏ దారిన పోతుందో ఆ దారినే తిరిగి రాగలదు కదా, అలాంటప్పుడు పైకి పోయేటప్పుడు ఒక లెక్క, కిందికి వచ్చేటప్పుడు ఒక లెక్క ఎలా ఉంటుంది? ఆ నియమం నిజమే, గాలిలోనూ చెల్లుతుంది. ఒక బిందువు నుంచి మరో బిందువుకు చేరే కాంతి రెండు దిశల్లోనూ సమానమే. కానీ మనం అడుగుతున్న ప్రశ్నలు రెండు దిశల్లోనూ ఒకటి కావు. కింది నుంచి పంపిన పుంజం అవతల ఎంత వెడల్పుకు పరుచుకుందన్నది ఒక ప్రశ్న, పై నుంచి వచ్చిన పుంజం ఇక్కడ ఎంత వెడల్పున పడిందన్నది మరో ప్రశ్న. రెండింటిలోనూ తప్పుదారి కోణం ఒకటే అయినా, దాన్ని గుణించే దూరం ఒకచోట వందల కిలోమీటర్లు, మరోచోట కొద్ది కిలోమీటర్లు. పైగా ఆ పాత నియమం మన వాదాన్ని కొట్టేయకపోగా దానికో ఆయుధాన్ని అందిస్తుంది. అవతలి నుంచి వచ్చిన కాంతి ఎలా నలిగిందో కొలిచి, సరిగ్గా దానికి ఎదురు ముడతలు పెట్టి మన పుంజాన్ని పంపితే, గాలే దాన్ని ఇస్త్రీ చేసి అవతలికి చేరుస్తుంది.

బలం పెంచితే సరిపోదా అన్నది రెండో ప్రశ్న. 2025 ఏప్రిల్ 13న కర్నూలు సమీపంలోని పరీక్షా కేంద్రంలో డీఆర్‌డీవో వాహనం మీద అమర్చిన లేజర్ ఆయుధంతో డ్రోన్లను కూల్చింది. దాన్ని రూపొందించడంలో ప్రధాన పాత్ర హైదరాబాద్‌లోని చెస్ ప్రయోగశాలది. ఆ లేజర్ శక్తి 30 కిలోవాట్లని వార్తలొచ్చాయి. ఇలాంటి ఆయుధం పని చేయాలంటే వెలుగంతా డ్రోన్ రెక్క మీద ఒక చిన్న చుక్కలో, కొన్ని సెకన్లు కదలకుండా నిలవాలి. చుక్క వెడల్పు మూడింతలైతే వేడి తొమ్మిదో వంతుకు పడిపోతుంది. శక్తిని తొమ్మిది రెట్లు పెంచి ఆ లోటు పూడ్చవచ్చుననుకుంటే ఇంకో చిక్కు ఎదురవుతుంది. అంత శక్తిలో కొంత గాలే పీల్చుకుని వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి పలచబడి, పుంజాన్ని విడదీసే కటకంలా పనిచేస్తుంది. లేజర్ తనకు తానే అడ్డమవుతుంది. పోనీ పంపే అద్దాన్ని పెద్దది చేద్దామా అంటే, దానికీ ఒక హద్దుందని 1960లలో డేవిడ్ ఫ్రీడ్ లెక్కగట్టాడు. మంచి కొండ మీద, కంటికి కనిపించే కాంతిలో, ఆ హద్దు పది సెంటీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. దాన్ని దాటి మీటరు అద్దం పెట్టినా, దిద్దుబాటు లేకపోతే, పుంజం ఇంకా సన్నబడదు. దారి మొత్తం నేల పక్కనే సాగే లేజర్‌కు మన వాదంలో అన్నిటికంటే చెడ్డ చోటు దక్కింది. అక్కడ మాత్రం దూరం కూడా గట్టిగానే లెక్కలోకి వస్తుంది. దూరం రెట్టింపైతే మిణుకు తీవ్రత మూడున్నర రెట్లవుతుంది. అదీ ఒక దశ వరకే. బాగా చెదిరిపోయిన పుంజం మరింత చెదరడానికేమీ మిగలక మిణుకు ఒకచోట ఆగిపోతుందని 1965లో సోవియట్ శాస్త్రవేత్తలు గ్రాచెవా, గుర్విచ్ ప్రయోగంలో చూపారు.

మరి ముడతలను కొలిచి సరిచేసే పద్ధతి ఉంది కదా, గాలి సమస్య తీరిపోయినట్టే కదా అనవచ్చు. దాని పేరు అడాప్టివ్ ఆప్టిక్స్. ఖగోళ శాస్త్రవేత్త హొరేస్ బాబ్‌కాక్ 1953లోనే ఈ ఆలోచన ప్రచురించాడు. వంగే అద్దం ఒకటి సెకనుకు వందల సార్లు, వేల సార్లు తన ఆకారం మార్చుకుంటూ గాలి చేసిన తప్పును దిద్దుతుంది. కొలవడానికి నక్షత్రం దొరకనప్పుడు, తొంభై కిలోమీటర్ల ఎత్తున ఉన్న సోడియం పొరను లేజర్‌తో వెలిగించి కృత్రిమ నక్షత్రాన్ని సృష్టిస్తారు. ఇది గొప్ప విజయమే. అయినా చోటు సమస్యను ఇది చెరిపేయలేదు, ఇంకాస్త స్పష్టంగా చూపింది. సెకనుకు ఏడున్నర కిలోమీటర్లు పరుగెత్తే ఉపగ్రహానికి లేజర్ పంపాలంటే, అది కనబడుతున్న చోటికి కాక, కాంతి చేరేసరికి అది ఉండబోయే చోటికి గురిపెట్టాలి. ఆ తేడా పది ఆర్క్‌సెకన్ల దాకా ఉంటుంది. అంటే కొలిచింది ఒక గాలి స్తంభాన్ని, పుంజం పోయేది పక్కనున్న మరో స్తంభంలోంచి. సాధారణంగా కొద్ది ఆర్క్‌సెకన్లు పక్కకు జరిగితేనే ముడతలు మారిపోతాయి. అందుకే 2013లో చంద్రుడి కక్ష్య నుంచి సెకనుకు 622 మెగాబిట్లు తెచ్చిన నాసా ప్రయోగం, పైకి పంపేటప్పుడు ఒక పాతకాలపు తెలివిని ఆశ్రయించింది. ఒకే సందేశాన్ని పక్కపక్కనున్న నాలుగు చిన్న టెలిస్కోప్‌ల నుంచి పంపింది. నాలుగూ వేర్వేరు గాలిలోంచి పోతాయి కనుక నాలుగూ ఒకేసారి మసకబారవు. గాలిని జయించలేకపోయినా, దాని తప్పులను సగటు చేయవచ్చు.

చివరి అభ్యంతరం ఆచరణలోంచి వస్తుంది. పొగమంచు, వాన, దుమ్ము లేజర్‌ను పూర్తిగా ఆపేస్తుంటే అలజడి గురించి ఇంత తర్కం దేనికి? 2017 డిసెంబరులో గూగుల్ మాతృసంస్థకు చెందిన ఎక్స్, ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్‌తో కలిసి రాష్ట్రంలో తీగల్లేకుండా కాంతిపుంజంతో ఇంటర్నెట్ అందించే రెండు వేల లింకులు పెడతామని ప్రకటించింది. తవ్వకాలు కష్టమైన కొండలూ నదులూ దాటడానికి ఇది అనువైన పద్ధతి. అలాంటి లింకుకు దట్టమైన పొగమంచు పెద్ద శత్రువన్నది కాదనలేం. కానీ ఆ రెండు జబ్బులూ వేరు, మందులూ వేరు. మంచు తుంపరలు కాంతిని మింగేస్తాయి, చెల్లాచెదురు చేస్తాయి. అది కంటికి కనిపిస్తుంది, ఎప్పుడొస్తుందో సుమారుగా తెలుస్తుంది, ఆ కాసేపు వేరే దారి వాడుకోవచ్చు. అలజడి మాత్రం ఆకాశం అద్దంలా ఉన్న రోజునే విజృంభిస్తుంది. మబ్బు లేని ఎండ నేలను కాల్చిన కొద్దీ అది బలపడుతుంది. ఏ వాతావరణ సూచనలోనూ అది మామూలుగా కనిపించదు. దాన్ని ముందే ఎదుర్కోగలిగిన సమయం ఒక్కటే, లింకు ఎక్కడ పెట్టాలో నిర్ణయించే సమయం. రేకుల షెడ్ల మీదుగా ఒరుసుకుంటూ పోయే మూడు కిలోమీటర్ల లింకు కంటే, రెండు కొండల మధ్య లోయ మీదుగా ఎత్తున పోయే ఎనిమిది కిలోమీటర్ల లింకు మెరుగ్గా పనిచేసే వీలుందంటే కారణం ఇదే.

ఈ సంగతి అనుభవంలో ఉన్నవాళ్లు దీన్ని ఎప్పుడో పాటించారు. గాలి వణుకు తగ్గాలంటే ఎత్తైన కొండల మీది నిశ్చలమైన గాలిలోకి పోవాలని న్యూటన్ 1704 నాటి తన ‘ఆప్టిక్స్’లోనే రాశాడు. పగలంతా సూర్యుణ్ణి చూడాల్సిన ఉదయపూర్ సౌర వేధశాలను 1970లలో ఫతేసాగర్ సరస్సు మధ్య ద్వీపంలో నెలకొల్పారు, నీరు నేలంతగా కాగదు కనుక. 2016లో చైనా ప్రయోగించిన మిసియస్ ఉపగ్రహం కథ అన్నిటికంటే ముచ్చటైనది. క్వాంటమ్ బంధంతో చిక్కుపడ్డ (ఎంటాంగిల్డ్) ఫోటాన్ల జంటలను 1,200 కిలోమీటర్ల ఎడమున్న రెండు కేంద్రాలకు పంచాల్సి వచ్చినప్పుడు వాటిని పుట్టించే పరికరాన్ని ఉపగ్రహంలోనే పెట్టారు. కాంతి పై నుంచి కిందికే వచ్చేటట్టు చూసుకున్నారు, గాలి చివర్లోనే తగిలింది. కింది నుంచి పైకి పంపక తప్పని ప్రయోగానికి మాత్రం టిబెట్‌లోని ఙారీలో అయిదు వేల మీటర్లకు పైన కేంద్రం కట్టుకున్నారు. సగం గాలిని కాళ్ల కింద వదిలేసి వచ్చినా, దూరాన్ని బట్టి సుమారు పన్నెండు వేలకు ఒకటి నుంచి లక్షన్నరకు ఒకటి చొప్పునే ఫోటాన్లు ఉపగ్రహాన్ని చేరాయి. పరికరంలో ఏది నేల మీద ఉండాలి, ఏది ఆకాశంలో ఉండాలి అన్న మొదటి నిర్ణయాన్నే గాలి చేయించిందన్నమాట. లేజర్ ఎంత దూరం పోతుందని అడిగేవారికి సూటిగా జవాబు చెప్పడం కష్టం. ఏ చివర గాలి ఉందో చెబితే లెక్క మొదలుపెట్టవచ్చు.